ఒక్క రింగు పిల్ల

ముందే చెబుతున్నాను, ఇది గొప్పలు చెప్పుకోవడానికే. ఎవరికైనా గొప్పలు ఎక్కువయ్యాయనిపిస్తే అనుకోనివ్వండి. అరవై నాలుగేళ్ళు వచ్చాయి నాకు. నా మనవరాలి గురించి నేను చెప్పుకోకపోతే ఇంకెవరు చెప్పుకుంటారు? కాకపోతే గొప్ప చెప్పే ముందు నా తప్పు కూడా చెప్పాలి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు గానీ, అది చెప్పకపోతే ఈ కథే లేదు.

కైకలూరులో చేపల మేత, చెరువు మందులు అమ్మే షాపు మాది, వెనకే ఇల్లు. మా ఆయన పోయాక పదకొండేళ్ళుగా నేనూ మా అబ్బాయి విజయ్‌కుమార్ నడుపుతున్నాం. ఇంట్లో కోడిగుడ్డు కూడా వండం, బతికేది మాత్రం చేపల మీద. దీని మీద మా చుట్టాలు ప్రతి పెళ్ళిలోనూ అవే జోకులు వేస్తారు, నేనూ ప్రతి పెళ్ళిలోనూ అదే నవ్వు నవ్వుతాను.

చేపల చెరువుకి గండమంతా తెల్లవారుజామునే. రాత్రి గడిచే కొద్దీ నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. రెండు, మూడు గంటలయ్యేసరికి చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. అప్పుడు నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు తిరగాలి, ఆక్సిజన్ బిళ్లలు చల్లాలి. గంట ఆలస్యమైతే తెల్లారేసరికి ఒక ఏడాది కష్టం వెల్లకిలా తేలుతుంది. అందుకని మా ఊళ్ళో మందుల షాపుకి పేరొచ్చేది సరుకు వల్ల కాదు. ఆ వేళప్పుడు ఫోనెత్తే మనిషి ఉంటేనే పేరు.

మా షాపు ఫోనెత్తేది గీతాంజలి, విజయ్‌కుమార్ కూతురు. వాడు పడుకున్నాడంటే పక్కన టపాకాయలు కాల్చినా లేవడు. కోడలు భాగ్యలక్ష్మి కొల్లేటికోట స్కూల్లో టీచరు, పొద్దున్నే బస్సు పట్టుకోవాలి. నాకు ఎడమ చెవి వినబడదు. అలా అలా ఫోను గీత దిండు పక్కకి చేరింది. అప్పటికి దానికి పదకొండేళ్ళు. ఒక్క రింగుకే ఎత్తేది. ఎన్నెకరాల చెరువండీ, చేప ఎంత సైజండీ, ఎంత మేర తేలాయండీ అని అడిగి, ఎన్ని కిలోల బిళ్లలు కావాలో చెప్పేది. తర్వాత తండ్రి మొహాన నీళ్ళు చల్లి లేపేది. వాడు షట్టరు తీసి సరుకిచ్చేవాడు. ఒక్కో రాత్రి మూడు ఫోన్లు, మబ్బు పట్టిన రోజైతే ఆరేడు.

ఊళ్ళో దానికి ఒక్క రింగు పిల్ల అని పేరు పడింది. ఆ మాట వింటే నా ఛాతీ ఉబ్బేది. మా గీతది కోడికునుకండీ, చీమ కదిలినా లేస్తుందండీ అని పదిమందిలో చెప్పుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పిల్లకి నిద్ర లేదని చాటింపు వేసుకుని, దాన్ని గొప్పనుకున్న మనిషిని నేనే.

గీతకి ఇంకో విద్య ఉంది. పరిగెడుతుంది. ఎనిమిది వందల మీటర్లు, అంటే గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు. మా ఇంటావంటా లేని ముచ్చట ఇది. వారమంతా స్కూలు గ్రౌండులో పరిగెత్తి, ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఏలూరులో శాలిని అనే కోచ్ దగ్గరికి వెళ్ళేది. జిల్లా సెలక్షన్లలో మొదటి ఇద్దరినే రాష్ట్ర పోటీలకి పంపుతారు. నిరుడు మాది నాలుగోది. పదహారేళ్ళ లోపు వాళ్ళలో దానికి ఇదే ఆఖరి ఏడాది. జిల్లా జట్టు చొక్కా వేసుకుని రాష్ట్ర పోటీలకి వెళ్ళాలని దాని ఆశ. అద్దం వెనక కాగితం మీద రాసి అంటించుకుంది, నేను చూడలేదనుకుంటోంది.

సెలక్షన్లు నాలుగు నెలలున్నాయనగా దాని పరుగు పాడవడం మొదలైంది. మొదటి రౌండు బాగానే వెళ్ళేది, రెండో రౌండులో కాళ్ళు తేలిపోయేవి. రెండు నిమిషాల ఇరవై ఏడు సెకన్లు పట్టేది కాస్తా ముప్పై నాలుగయింది. నేను ఊరుకుంటానా? రాగిజావ, నువ్వుండలు, నానబెట్టిన బాదంపప్పు. శనివారం సాయంత్రం దిష్టి తీసి ఎర్రనీళ్ళు నాలుగు రోడ్ల కూడలిలో పారబోయించాను. సెకన్లు తగ్గలేదు, పిల్ల కళ్ళ కింద నలుపు మాత్రం పెరిగింది.

అప్పుడు శాలిని కబురు పంపింది. పిల్లకి తిండి లోపం కాదు, నిద్ర లోపమట. రోజూ తొమ్మిది గంటలు పడుకోబెట్టాలట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సూర్యుడు ఏనాడూ నన్ను మంచం మీద చూసి ఎరగడు. అలాంటి ఇంటికి పిల్లని నిద్రపుచ్చమని చెప్పి పంపుతుందా? ఆ ఆదివారం నేనే దాన్ని తీసుకుని బస్సెక్కాను. ఏలూరు చేరేదాకా దారి పొడుగునా ఆ అమ్మాయిని ఏమేం అనాలో వరసగా పేర్చుకున్నాను.

తీరా చూస్తే శాలిని మా కోడలి కంటే చిన్నది. మెడలో విజిలు, చేతిలో స్టాప్‌వాచీ. నేనన్నదంతా నిలబడి విన్నది.

"పరిగెత్తితే కండ అరుగుతుందండి, మామ్మగారూ. దాన్ని మళ్ళీ బాగుచేసేది నిద్రేనండి. మీ గీతకి అరగడమే గానీ బాగుపడడం లేదండి," అంది.

మా షాపుల వాళ్ళెవరూ తొమ్మిది గంటలు పడుకుని బతకలేదమ్మాయ్ అని నేను మొదలుపెట్టాను. మా మామగారి నుంచి ఎత్తుకుని, మా ఆయన దగ్గరికి వచ్చాను. ఇంతలో పరుగు ముగించిన గీత గోల్‌పోస్టుకి చేరగిలబడింది. ఒక బూటు విప్పింది, రెండోది విప్పుతూ విప్పుతూ అలాగే నిద్రపోయింది. నెత్తిన ఎండ, కింద గులకరాళ్ళు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు.

ఎవరో పిల్ల తల్లి సంచిలో ఫోను మోగింది.

గీత ఒక్క ఉదుటున లేచి కూర్చుంది. కళ్ళు తెరవలేదు. చెయ్యి మాత్రం పక్కన గడ్డిలో తడుముతోంది.

"చెప్పండి రాజుగారూ. ఎంత మేర తేలాయండీ?" అంది.

చుట్టూ ఉన్న పిల్లలు గొల్లుమన్నారు. ఒక్క క్షణం నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. అప్పుడది కళ్ళు తెరిచి, గ్రౌండు చూసి, నన్ను చూసింది. "ఎత్తాను కదా మామ్మా?" అని అడిగింది, భయంగా. శాలిని అసలు నవ్వనే లేదు. పేర్చుకొచ్చిన మాటలన్నీ మింగేసి, తొమ్మిది గంటలు ఎలా పడుకోబెట్టాలో చెప్పు తల్లీ అన్నాను.

తిరుగు బస్సులో అది నా భుజం మీద వాలి కైకలూరు వచ్చేదాకా కదల్లేదు. ఎంత బరువుందో తల. పిల్లలు పడుకుంటే తల ఇంత బరువుంటుందని నేను మర్చిపోయాను.

శాలిని చెప్పినవి అక్షరం పొల్లుపోకుండా చేశాను. షాపు ఫోను నా మంచం దగ్గరికి తెచ్చుకున్నాను, వినబడే కుడి చెవి వైపు. గీత పడక మేడ మీది గదిలోకి మార్చాం. రాత్రి తొమ్మిదింటికి తండ్రితో కలిసి తాగే టీ మానిపించాను. వాడు బిక్కమొహం వేశాడు, వాడిదీ మానిపించాను. ఏడింటికి అన్నం, తొమ్మిదింటికి దీపం ఆర్పడం. లేవడం రోజూ ఒకే వేళకి, ఆదివారమైనా అంతే. ఇంకేముంది, వారంలో పిల్ల గుర్రమైపోతుందనుకున్నాను.

ఏమీ కాలేదు. అలవాటు చొప్పున మూడింటికి నాకు మెలకువ వచ్చి మేడెక్కి చూస్తే కిటికీ దగ్గర కూర్చుని ఉండేది. మర్నాడూ అంతే. నాలుగో రోజు పక్కన కూర్చుని, ఏం చూస్తున్నావే అని అడిగాను.

"ఫోను మోగుతుందేమోనని, మామ్మా. నీకు వినబడకపోతే?"

వినబడకపోతే ఏమవుతుందే అన్నాను.

"చేపలు పోతాయి. అప్పుడు పోయాయి కదా. నా నిద్రకి దేవరాజు బాబాయి చెరువు పోయిందన్నావు కదా నువ్వు."

నేనా? ఎప్పుడన్నాను? నిజంగా నాకు గుర్తు లేదు. అది చెబుతుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట వైశాఖంలో దీనికి జ్వరం వచ్చింది. మాత్ర వేసుకుని పడుకుని ఒక రాత్రి ఫోనెత్తలేదు. దేవరాజు కౌలుకి చేసుకునే చెరువులో చేప చచ్చింది. అతను షాపుకొచ్చి ఒక్క మాట కూడా అనలేదు, బెంచీ మీద కూర్చున్నాడంతే. నేనే పదిమందిలో నోరు పారేసుకున్నాను. ఆ మాట అనేసి నేను మధ్యాహ్నం భోజనం చేసి మర్చిపోయాను. పదమూడేళ్ళ పిల్ల అప్పటినుంచీ దాన్ని మోస్తూనే ఉంది. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అని ఎంతమందికి నీతులు చెప్పానో నేను.

ఆ చెరువు నీవల్ల పోలేదని చెప్పాను. సాయంత్రమే ఏరేటరు మోటారు కాలిపోయిందని, ఆ సంగతి ఊరందరికీ తెలుసని చెప్పాను. తర్వాత, నా నోటి నుంచి ఎవరూ వినని మాట ఒకటి అన్నాను.

"తప్పు నాదే. నిన్నలా అనకూడదు."

అది తలూపింది. పిల్లలు పెద్దవాళ్ళ కోసం తలూపుతారు. నమ్మలేదని నాకు తెలుస్తూనే ఉంది.

మాటలతో అయ్యే పని కాదనిపించింది. మర్నాడు షాపుకొచ్చిన వాళ్ళందరికీ ఒకటే చెప్పాను. బిళ్లల బస్తా ముందుగానే తీసుకెళ్ళి చెరువు దగ్గర షెడ్డులో పెట్టుకోండి, వాడకపోతే సీజనయ్యాక వెనక్కి తీసుకుంటాను, మరీ అవసరమైతే రాత్రి నాకు ఫోను చేయండి, మా పిల్లకి మాత్రం చేయొద్దు. చాలామంది సరేనన్నారు. దేవరాజు అందరికంటే ముందు బస్తా ఎత్తుకుని, పిల్ల బాగా పరిగెత్తాలమ్మా అని వెళ్ళాడు.

ఒప్పుకోనిది నరసరాజుగారు, గ్రౌండులో గీత నిద్రలో పిలిచిన రాజుగారు ఈయనే. డెబ్బై ఎకరాల చెరువుల ఆసామి, గొంతు కంచు. ఆయన మామూలుగా మాట్లాడితేనే ఎదురు షాపు వాడు తొంగి చూస్తాడు. షెడ్డులో పెడితే చెమ్మకి పాడవుతాయండీ, ఎప్పటికప్పుడు తీసుకెళ్ళడమే మా పద్ధతండీ అన్నారు. పిల్ల ఎత్తేటట్టయితేనే మీ షాపండీ, లేకపోతే వేరే చూసుకుంటానండీ అని కూడా అన్నారు. మా అబ్బాయి నా కొంగు లాగుతున్నాడు. చూసుకోండి రాజుగారూ అన్నాను. ఆయన నిజంగానే వెళ్ళిపోయారు. మూడు వారాల తర్వాత ఏమీ జరగనట్టు వచ్చి మేత బస్తాలు పురమాయించారు. అవతల షాపులో ఎన్ని రింగులకీ ఎత్తే దిక్కు లేదని తర్వాత తెలిసింది.

ఇక గీత సంగతి. రెండో వారంలో నేనూ దాని గదిలోనే మంచం వేసుకున్నాను, ఫోనుతో సహా. మోగితే నేను ఎత్తేదాన్ని, అదీ లేచేది. పడుకోవే అంటే పడుకునేది. మూడో వారంలో మోగితే కళ్ళు తెరిచి, నేను ఎత్తడం చూసి మూసుకునేది. అప్పుడు ఫోను తీసుకుని కిందికి వచ్చేశాను. ఆరో వారంలో ఒకరోజు ఆరు దాటినా లేవలేదు. మా ఇంట్లో ఆరింటికి మంచం మీద ఉంటే ఒంట్లో బాగోలేదన్నమాట. పక్కింటావిడ గోడ మీంచి అడిగింది, పిల్లకి జ్వరమా అని. లేదండీ, నిద్రపోతోందండీ అన్నాను. ఆ మాట అంత దర్జాగా చెప్పగలనని నేనెప్పుడూ అనుకోలేదు.

సెకన్లు దిగడం మొదలెట్టాయి. ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిది, ఇరవై ఆరు. కళ్ళ కింద నలుపు పోయింది. లెక్కల్లో మార్కులు కూడా పెరిగాయి, అది కోడలి గొప్ప, ఆవిడనే చెప్పుకోనివ్వండి. నాకూ మధ్యాహ్నం ఒక కునుకు అలవాటైంది. అంతకుముందు పగలు పడుకునే వాళ్ళని నేను చాలా మాటలన్నాను, వాళ్ళందరికీ క్షమాపణలు.

సెలక్షన్ల రోజు వచ్చింది. ఆ తెల్లవారుజామున మబ్బు పట్టి ఉంది. నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, కుడి చెవి దిండుకి ఆనించి పడుకున్నాను. ఫోను ఎనిమిదిసార్లు మోగిందట, నాకు వినబడలేదు. నన్ను లేపింది షట్టరు చప్పుడు. ఇల్లంతా అదిరేలా ఎవరో గుద్దుతున్నారు. ఆఖరికి మా అబ్బాయికి కూడా మెలకువ వచ్చింది, అప్పుడే ఊహించుకోండి.

తలుపు తీస్తే నరసరాజుగారు, వెనక వ్యానుతో ముగ్గురు మనుషులు. పెద్ద చెరువులో కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయట, చేప మొత్తం పైకొచ్చేసిందట. ఆయన నోరు తెరవగానే నేను వేలు పెదవి మీద పెట్టాను.

"రాజుగారూ, ఇవాళ మా పిల్లకి సెలక్షన్లండీ. పైన పడుకుందండీ."

ఆయన చెరువు పోతోంది. నన్ను ఏమన్నా పడదును. ఆయన ఒకసారి మేడ వైపు చూశారు. తర్వాత చెప్పులు విప్పారు. ఎందుకు విప్పారో ఆయనకే తెలియాలి. వెనక్కి తిరిగి తన మనుషులతో, మెల్లిగా ఎత్తండర్రా, పిల్ల పడుకుంది అన్నారు. ఆయన గొంతులో గుసగుస ఉంటుందని ఆ రోజే తెలిసింది నాకు. డెబ్బై ఎకరాల ఆసామి, ఆయన మనుషులు, మా అబ్బాయి, అందరూ మునివేళ్ళ మీద నడుస్తూ బస్తాలు మోశారు. వ్యాను కూడా స్టార్టు చేయకుండా వీధి చివరిదాకా తోసుకెళ్ళారు. నేను మేడెక్కి చూశాను. గీత బోర్లా పడుకుని, నోరు కొంచెం తెరుచుకుని, గాఢంగా నిద్రపోతోంది. షట్టరు గుద్దుళ్ళకి వీధి కుక్కలన్నీ లేచాయి, ఇది లేవలేదు. గుమ్మంలో నిలబడి కాసేపు అలాగే చూశాను. ఏ కప్పు తెచ్చినప్పుడూ నాకంత గర్వం కలగలేదు.

దానికి ఏమీ చెప్పలేదు. ఏలూరు గ్రౌండుకి చేరాక, తొమ్మిదిన్నరకి రాజుగారి ఫోను వచ్చింది. పక్కకి వెళ్ళి మాట్లాడాను. పది గంటలకి దాని పరుగు.

ఎనిమిది మంది పిల్లలు. మొదటి రౌండు అయ్యేసరికి మాది ఐదోది. నాలుగు నెలల కిందటైతే, రెండో రౌండులో ఇంకా వెనక్కి పోయేది. శాలిని మాత్రం స్టాప్‌వాచీ చూసి ఏమీ అనకుండా నవ్వింది. అవతలి వైపు తిరిగేసరికి గీత నాలుగోది. ఆఖరి మలుపులో మూడోది. మిగతా పిల్లల తలలు వెనక్కి వాలిపోతున్నాయి, కాళ్ళు బరువెక్కుతున్నాయి, అది నాకు తెలిసిన పరుగే, మొన్నటిదాకా మా గీత పరుగు. మా గీత కాళ్ళు మాత్రం మొదటి రౌండులో ఎలా పడ్డాయో అలాగే పడుతున్నాయి. పరిగెత్తవే, పరిగెత్తవే అని ఎవరో గొంతు చించుకుంటున్నారు. అది నేనేనని తర్వాత భాగ్యలక్ష్మి చెప్పింది. ఏలూరు పిల్ల ఒకతి ముందే ఫినిషింగు లైను దాటేసింది. దాని వెనకే ఉన్న పిల్లని మాది లైనుకి రెండడుగులుందనగా దాటింది.

రెండోది. రెండు నిమిషాల ఇరవై రెండు సెకన్లు. రాష్ట్రానికి వెళ్తోంది మా పిల్ల.

శాలిని దాన్ని ఎత్తి తిప్పింది. తల్లి ఏడ్చింది, తండ్రి ఏడ్చాడు, నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. గీత ఏడవలేదు, పకపకా నవ్వుతూ గడ్డి మీద పడుకుంది. పక్కన కూర్చుని బూట్లు విప్పుతూ అప్పుడు చెప్పాను. తెల్లవారుజామున రాజుగారు వచ్చారే, పెద్ద చెరువు తేలిపోయిందట, షట్టరు విరిగేలా గుద్దారు అని.

దాని నవ్వు ఆగిపోయింది. లేచి కూర్చుంది.

"నాకు వినబడలేదు మామ్మా."

నాకూ ఫోను వినబడలేదే, ఎనిమిదిసార్లు చేశారట అన్నాను.

"చేపలు?"

"దిగిపోయాయి. తెల్లారేసరికి అన్నీ కిందికి దిగి మామూలుగా తిరుగుతున్నాయట. ఇందాకే ఫోను చేశారు."

"నేను లేవకుండానే?"

"నువ్వు లేవకుండానే. హాయిగా పడుకున్నావు, ఒక్క చేప చావలేదు."

అది నా మొహంలోకి చూసింది, తలూపలేదు. ఈసారి నమ్మింది. పందెంలో నెగ్గినందుకు ఏడవని పిల్ల నా ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. రెండేళ్ళ ఏడుపు అది. నేను ఊరుకోమనలేదు. రాష్ట్ర పోటీల కాగితాల మీద పిల్ల సంతకం కావాలని శాలిని పిలుస్తోంది. కాసేపాగమ్మా అని చేత్తోనే చెప్పాను.